మంచు కొండలకు వెళ్తున్నారా? ముందు వాలు చూసుకోండి

హనుమకొండ, కాజీపేట నుంచి జనవరిలో మనాలి వైపు ట్రెక్కింగ్‌కు వెళ్లే మన పిల్లలకు ఒక్క మాట. స్వెట్టర్లు, బూట్లు అందరూ కొంటారు. మంచు చరియల గురించి మాత్రం ఎవరూ అడగరు, నా టెన్షన్ అదే.

ఏనుమాముల యార్డులో వడ్ల కుప్ప చూశారు కదా, పైన ఇంకో బస్తా గుమ్మరిస్తే పక్కల నుంచి జారిపోతుంది. కొత్త మంచు పడ్డ కొండా అంతే. కాకపోతే అక్కడ గింజలుగా కాదు, పెద్ద పలకలా విరిగి వస్తుంది. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే విరుగుతుంది. చాలాసార్లు దాన్ని కదిలించేది మన అడుగే.

ఫోన్‌లో కోణం చూపే యాప్ పెట్టుకోండి. ఫోన్ అంచును దూరపు వాలుకు సమాంతరంగా పట్టి చూడటం పద్మాక్షి గుట్ట దగ్గరే నాలుగుసార్లు అలవాటు చేసుకోండి. 30-45 డిగ్రీల వాలు కింద టెంటు కూడా వేయొద్దు, చరియ వచ్చి ఆగేది అక్కడే.

బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు, చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరికలు చూడండి. తుఫాను వస్తుందంటే కిందే ఆగండి. మంచు ఆగాక కూడా కనీసం ఒకటి రెండు రోజులు ఎక్కొద్దు, ఎండ కాసినా సరే. నడుస్తుంటే కాళ్ల కింద మంచు 'ధుమ్'మని కుంగిందా, వచ్చిన దారినే వెనక్కి రండి. కూరుకుపోయిన మనిషిని 15 నిమిషాల్లోపు తీయకపోతే బతికే అవకాశం బాగా తగ్గిపోతుంది. రైలు టికెట్ డబ్బులు పోతే పోనీ నాన్నా.