ఆస్పత్రిలో పొరపాటు జరిగితే ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి?

ఒకరికి ఎక్కించాల్సిన మందు ఇంకొకరికి ఎక్కించారు. గంట తిరక్కముందే వార్డు బయట బంధువులు గుమిగూడారు, ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు, రిసెప్షన్‌లో ఫోన్ మోగుతూనే ఉంది. మాట్లాడేదెవరో అప్పుడు తేల్చుకుందామంటే కుదరదు. ఈ పని ఏ టెన్షనూ లేని మామూలు రోజుల్లోనే మొదలుపెట్టాలి.

మొదట ఒక్క పేజీ రాసిపెట్టుకోండి. ఆస్పత్రి తరఫున మాట్లాడేదెవరు, వారు లేకపోతే ఎవరు, ప్రకటనకు సరే అనాల్సింది ఎవరు, అర్ధరాత్రి కూడా దొరికే వారి ఫోన్ నంబర్లు. అంతే. దాన్ని రిసెప్షన్‌లోనూ నైట్ డ్యూటీ టేబుల్ మీదా ఉంచండి. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి భయపడి "నాకేం తెలీదండీ" అని ఫోన్ పెట్టేస్తే, అవతలివాళ్లకు అదే ఆస్పత్రి జవాబు. "మీ పేరు, నంబరు చెప్పండి, అరగంటలో మావాళ్లు ఫోన్ చేస్తారు" అనడం ఆమెకు ముందే నేర్పండి. అరగంటలో ఫోన్ చేయండి కూడా.

పొరపాటు జరిగాక అందరికన్నా ముందు తెలియాల్సింది కుటుంబానికి. ఇక్కడ తొందర పనికిరాదు. వరండాలో నిలబెట్టి చెప్పకండి. ఒక గదిలో కూర్చోబెట్టి, ఫోన్లు పక్కన పెట్టి, వైద్యం చేస్తున్న డాక్టరే చెప్పాలి: ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేస్తున్నాం, ఇంకా తెలియనిది ఏమిటి, మళ్లీ ఎన్నింటికి కలుస్తాం. చెప్పాక కాసేపు మాట్లాడకుండా ఉండండి, వాళ్లను ఏడవనివ్వండి, అడగనివ్వండి. "క్షమించండి" అంటే కోర్టులో ఇరుక్కుంటామని చాలామంది భయం. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి లాయర్‌తో ముందే మాట్లాడుకోండి. అయితే అమెరికాలో మిచిగన్ యూనివర్సిటీ ఆస్పత్రులు 2001 నుంచి తమ తప్పు ఉంటే తామే చెప్పి, పరిహారం ఇస్తామనడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత వాటి మీద కేసులూ, వాటికయ్యే ఖర్చూ తగ్గాయి. దాచిపెట్టారన్న కోపమే చాలాసార్లు మనుషుల్ని కోర్టుకు నడిపిస్తుందని నా నమ్మకం.

తర్వాత సిబ్బంది. తమ వార్డు సంగతి నర్సులు టీవీలో చూసి తెలుసుకోకూడదు. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు చాలు.

ఇక పత్రికలకు. అన్నీ తేలేదాకా ఆగితే పుకార్లే వార్తలవుతాయి. తెలిసినంతే, త్వరగా చెప్పండి. ఉదాహరణకు: "ఈ రోజు ఉదయం మా ఆస్పత్రిలో ఒకరికి పొరపాటున వేరే మందు ఇచ్చాం. వారికి వైద్యం అందుతోంది. కుటుంబానికి మేమే చెప్పి, క్షమాపణ కోరాం. ఎలా జరిగిందో విచారిస్తున్నాం. సాయంత్రం ఆరింటికి మళ్లీ చెబుతాం." "దురదృష్టకర సంఘటన" లాంటి మాటలు కొట్టేయండి, వాటి వెనక ఏదో దాస్తున్నారనే జనం అనుకుంటారు. ప్రమాదం ఇతరులకూ ఉంటే, వాళ్లేం చేయాలో మొదటి వాక్యంలోనే రావాలి. 1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి తగ్గించే మాత్రల్లో ఎవరో సైనైడ్ విషం కలపడంతో ఏడుగురు చనిపోయారు. తప్పు తనది కాకపోయినా, వాడొద్దని ఆ మాత్రల కంపెనీ జనాన్ని హెచ్చరించింది, దాదాపు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది. పోయిన నమ్మకం అందుకే తిరిగొచ్చింది.

రోగి పేరు, వయసు, జబ్బు ఏవీ చెప్పకండి. కుటుంబమే టీవీలో అంతా చెప్పేసినా, ఆస్పత్రి మీద కోపంగా మాట్లాడినా, మీరు కేస్ షీట్ తెరవకూడదు. ఫొటో ఇచ్చేముందు వెనక గోడ మీద, మానిటర్ మీద ఎవరి పేరైనా కనబడుతోందేమో చూడండి.

ఆరింటికి చెబుతామన్నారుగా, కొత్త సంగతి ఏదీ లేకపోయినా ఆరింటికే రండి. విచారణ ముగిసేసరికి విలేకరులు ఇంకో వార్తకు వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు కూడా నివేదిక ముందుగా ఆ కుటుంబం చేతికే ఇచ్చి, మందు ఇచ్చే పద్ధతిలో ఏం మార్చారో పక్కన కూర్చుని వివరించండి.