సీపీయూ వేడెక్కుతోందా? కొత్త కూలర్ కొనే ముందు చూడాల్సిన లెక్కలు

ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపించగానే చాలామంది కొత్త కూలర్ ధరలు వెతకడం మొదలుపెడతారు. ఆ ఖర్చు చాలాసార్లు అనవసరం. కూలర్ సరిగా కూర్చోకపోవచ్చు, మదర్‌బోర్డ్ ప్రాసెసర్‌ని అదుపు లేకుండా వదిలేసి ఉండొచ్చు, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవచ్చు. అసలు కారణం తేలాలంటే నాలుగు అంకెలు కావాలి: గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, అది తీసుకుంటున్న వాట్లు, ఫ్యాన్ ఆర్‌పీఎం. చివరి మూడూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తాయి. ప్రాసెసర్‌కి నిండు పని ఇచ్చే సినీబెంచ్ ఆర్23 పరీక్షని 10 నిమిషాలు నడిపి, ఆఖర్లో ఉన్న అంకెలు రాసుకోండి. హీట్‌సింక్ (కూలర్‌లో వేడిని పీల్చుకునే లోహపు భాగం) పూర్తిగా వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి మొదటి నిమిషం అంకెలు నమ్మొద్దు.

వాట్లు తక్కువే, వేడి మాత్రం ఎక్కువ

ఐ5-12400 లాంటి ప్రాసెసర్ 65 వాట్ల దగ్గరే 95 దాటుతోందంటే, లేదా లోడ్ ఇచ్చిన రెండు మూడు సెకన్లలోనే 40 నుంచి 90కి ఎగిరిందంటే, వేడి అసలు హీట్‌సింక్‌లోకి ఎక్కడం లేదు. అప్పుడు ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఫలితం అంతే.

ఇంటెల్ స్టాక్ కూలర్‌లో (ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చేది) మొదటి అనుమానం నాలుగు పుష్ పిన్‌ల మీదే. ఒక్కటి సరిగా దిగకపోయినా ఆ మూల పైకి లేచి ఉంటుంది. పిన్ తల మీది బాణం విప్పే దిశ చూపిస్తుంది, కాబట్టి బిగించే ముందు దానికి ఎదురు దిశలో చివరిదాకా తిప్పి ఉంచాలి. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు పిన్‌లను ఒకేసారి టక్కుమనేదాకా నొక్కి, తర్వాత మిగతా రెండూ నొక్కాలి. బోర్డు వెనక్కి తిప్పి చూస్తే నాలుగు చోట్లా తెల్ల ప్లాస్టిక్ కాళ్లు విచ్చుకుని, మధ్యలో నల్ల పిన్ కనిపించాలి. బోర్డుని క్యాబినెట్‌లోంచి బయటికి తీసి చేస్తే ఈ పని సగం తేలిక.

టవర్ కూలర్ (నిలువుగా ఎత్తుగా ఉండేది) అయితే అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. కంగారులో మర్చిపోయేది ఎక్కువగా ఇదే. తర్వాత బ్రాకెట్, అంటే కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచే చట్రం. ఇది సాకెట్‌ని (ప్రాసెసర్ కూర్చునే చోటు) బట్టి మారుతుంది. ఎల్‌జీఏ 115ఎక్స్, ఎల్‌జీఏ 1200 సాకెట్ల ఇంటెల్ బోర్డుల్లో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 2021లో 12వ తరంతో వచ్చిన ఎల్‌జీఏ 1700లో అది 78. పైగా ఇందులో ప్రాసెసర్ కాస్త కిందికి కూర్చుంటుంది. పాత బ్రాకెట్‌ని ఎలాగోలా పట్టించినా సరిపడా ఒత్తిడి రాదు, కాబట్టి 1700 కోసం ఇచ్చే కిట్‌నే వాడండి. స్క్రూలను మూలకు మూలగా, ఒక్కోదానికి రెండు చుట్లు చొప్పున, ఆగేదాకా బిగించండి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకి వెళ్తే పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్) ఒక పక్కకే పోతుంది.

కూలర్ ఒకసారి పైకి లేస్తే పాత పేస్ట్‌తో మళ్లీ పెట్టకండి, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డతో రెండు వైపులా శుభ్రంగా తుడవండి. ఏఎండీ ఏఎం5 సాకెట్ ప్రాసెసర్ మీద మధ్యలో 4 మిల్లీమీటర్ల చుక్క ఒకటి చాలు. ఎల్‌జీఏ 1700 ప్రాసెసర్ పొడవుగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో 2 మిల్లీమీటర్ల చుక్కలు పెట్టాలి. కాస్త ఎక్కువైతే పక్కకి కారుతుందంతే. మామూలు పేస్ట్‌లో విద్యుత్ ప్రవహించదు కాబట్టి ప్రమాదం లేదు. ఇబ్బందంతా తక్కువైతేనే.

వాట్లూ ఎక్కువ, వేడీ ఎక్కువ

ఇక్కడ కూలర్ తన పని తాను చేస్తోంది. ఐ7-12700 పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నా టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 180 వరకు తీసుకోగలదు. ఐ7-13700కే అయితే 125 నుంచి 253. చాలా బోర్డులు, ముఖ్యంగా పాత బయోస్‌తో, ఈ పరిమితుల్ని డిఫాల్ట్‌గానే ఎత్తేస్తాయి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగ్‌లు) పీఎల్1, పీఎల్2 విలువలు, అంటే ఎక్కువసేపటికీ కొద్దిసేపటికీ పెట్టిన వాట్ల పరిమితులు చూసి, ఇంటెల్ చెప్పిన అంకెలకి దించండి. ఆటలాడేటప్పుడు తేడా తెలియదు. వీడియో రెండరింగ్ లాంటి పనుల్లో కొంత వేగం తగ్గుతుంది.

రైజెన్ 7 7700ఎక్స్ కథ వేరు. నిండు లోడ్‌లో 95 డిగ్రీలదాకా వెళ్లి, అక్కడే ఉంటూ వీలైనంత వేగంగా నడిచేలా ఏఎండీ దాన్ని తయారు చేసింది. కూలర్ పెద్దదైతే ఉష్ణోగ్రత తగ్గకపోవచ్చు, వేగం కాస్త పెరుగుతుంది. అందుకే ఇలాంటి ప్రాసెసర్ మీద రెండు కూలర్లని పోల్చేటప్పుడు డిగ్రీలు కాదు, మెగాహెర్ట్జ్, వాట్లు చూడాలి. చల్లగానే కావాలంటే బయోస్‌లో వాట్లు తగ్గించే 65 వాట్ల ఎకో మోడ్ పెట్టండి. అసలు వాడకం 142 నుంచి 88 వాట్లకి దిగుతుంది. కూలర్ మీద డబ్బు పెట్టే ముందు ఒక్కసారి ఇది చేసి చూడమని గట్టిగా చెబుతాం.

నిజంగానే కూలర్ చిన్నదైతే

పెట్టె మీద రాసే ‘220 వాట్లు’ లాంటి అంకెలతో రెండు కంపెనీలని పోల్చొద్దు. అందరూ ఒకే పద్ధతిలో కొలవరు. మేం వేసే అంచనా ఇది: 65 నుంచి 90 వాట్లకి స్టాక్ కూలర్‌తో నెట్టుకురావచ్చు, మోత ఉంటుంది. డీప్‌కూల్ ఏకే400 లాంటి నాలుగు హీట్‌పైపులు, ఒక్క 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్నవి 125, 150 వాట్లదాకా హాయిగా లాగుతాయి. థర్మల్‌రైట్ పియర్‌లెస్ అస్సాసిన్ 120 ఎస్ఈ, డీప్‌కూల్ ఏకే620 లాంటి ఆరు పైపుల జంట టవర్లకి 200 వరకు పర్వాలేదు. 253 వాట్లు గంటల తరబడి అంటే గాలి కూలర్‌కి అది చివరి హద్దు.

ఈ అంచనాలన్నీ 25 డిగ్రీల గదికి. సమీక్షల్లో కనిపించే అంకెలూ దాదాపు అలాంటి గదుల్లోవే. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. 27 డిగ్రీల గదిలో 80 చూపించిన మిషన్, మే నెలలో ఏసీ లేని 42 డిగ్రీల గదిలో 95 చూపిస్తుంది. విజయవాడలోనో రామగుండంలోనో ఎండాకాలం కూడా పని ఆగకూడదంటే ఒక మెట్టు పై కూలర్ తీసుకోండి. నీళ్లు పోసే రూమ్ కూలర్ గాలి మాత్రం నేరుగా క్యాబినెట్‌కి తగలనివ్వకండి. తుంపర్లు లోపలికి వెళ్తాయి.

పక్క తలుపు తీస్తే చల్లబడుతోంది

తలుపు తీసి అదే పరీక్ష చేయండి. 5 డిగ్రీలకి మించి తగ్గితే తప్పు క్యాబినెట్‌ది. ముందు నుంచి లోపలికి రెండు ఫ్యాన్‌లు, వెనక నుంచి బయటికి ఒకటి ఉంటే మామూలుగా సరిపోతుంది. ఫ్యాన్‌లో ఊచలు, స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. కూలర్ ఫ్యాన్ తిరగబడి గాలిని ముందుకి తోస్తోందేమో ఇలాగే పోల్చుకోవచ్చు.

ఆరు నెలల్లో కొద్దికొద్దిగా పెరిగిన వేడి అయితే దుమ్మే. బ్లోవర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఫ్యాన్ ఊరికే పెరుగుతూ తగ్గుతూ ఉంది

బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిచినా ప్రాసెసర్ ఒక్క క్షణం 70కి ఎగిరి దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెడుతోంది. బయోస్ ఫ్యాన్ కర్వ్‌లో (ఏ ఉష్ణోగ్రతకి ఎంత వేగమో చెప్పే సెట్టింగ్) 65 డిగ్రీలదాకా ఒకే వేగం ఉంచి, వేగం మారే ఆలస్యాన్ని 3 నుంచి 5 సెకన్లు చేయండి. ఎప్పుడూ నిండు వేగంతోనే తిరుగుతుంటే అది మూడు పిన్‌ల ఫ్యాన్ అయి ఉంటుంది. ఆ హెడర్‌ని (బోర్డు మీద ఫ్యాన్ వైరు గుచ్చే చోటు) బయోస్‌లో పీడబ్ల్యూఎం పద్ధతి నుంచి డీసీకి, అంటే వోల్టేజ్‌తో వేగం తగ్గించే పద్ధతికి మార్చండి.

ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ వస్తే, వైరు క్యాబినెట్ ఫ్యాన్ హెడర్‌లో ఉందేమో చూడండి. ఉంటే సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి మార్చితే పోతుంది.

తలుపు మూసుకోవడం లేదు, ర్యామ్ తగులుతోంది

కొనే ముందే కొలవాలి. ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు, ఏకే620 ఎత్తు 160, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165. మీ క్యాబినెట్ వివరాల్లో సీపీయూ కూలర్ ఎత్తు అని ఇచ్చిన అంకె ఇంతకన్నా ఎక్కువ ఉండాలి. రెండు ఫ్యాన్‌లతో ఎన్‌హెచ్-డీ15 కింద ర్యామ్‌కి మిగిలేది 32 మిల్లీమీటర్లే. లైట్ల ర్యామ్ చాలావరకు 40 పైనే ఉంటుంది. ముందు ఫ్యాన్‌ని పైకి జరపొచ్చు, కానీ ఎంత జరిపితే మొత్తం ఎత్తు అంత పెరుగుతుంది.

పాత కూలర్ ఊడి రావడం లేదు

ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 ఉన్న బోర్డు అయితే బలంగా లాగొద్దు. పిన్‌లు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ పట్టేసి, సాకెట్ లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌తో పాటు పైకొచ్చి పిన్‌లు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు లోడ్ ఇచ్చి పేస్ట్ మెత్తబడనివ్వండి. ఆపేసి, ప్లగ్ తీసి, బిగింపు వదులు చేసి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిందని చేతికి తెలిశాకే పైకి ఎత్తండి.