దసరా సేల్‌కు ముందు: పెట్టె కొలవకుండా ధరకు ఊ అనకండి

పోయిన దసరా సేల్‌లో కొండపల్లి బొమ్మలు అమ్మే ఒక అక్కకు ఆర్డర్లు వెల్లువలా వచ్చాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని అర్ధరాత్రి దాకా పార్శిళ్లు కట్టారు. పండగ వెళ్లాక సెటిల్‌మెంట్ (కోతలు పోను ప్లాట్‌ఫారం ఇచ్చే డబ్బు లెక్క) చూసుకుంటే లాభం రాకపోగా పెట్టిన డబ్బులోనే కొంత పోయింది. ఎవరూ మోసం చేయలేదు. బొమ్మలు పగల్లేదు, కొన్నవాళ్లు గొడవ పెట్టలేదు. అమ్మిన ప్రతి అంబారీ ఏనుగు మీదా చేతి డబ్బు పడింది, అంతే.

ఫొటోలు బాగా తీయండి, ప్యాకింగ్ గట్టిగా చేయండి, రివ్యూలకు జవాబివ్వండి లాంటివి అందరూ చెప్పేవే. వాటి జోలికి పోను. కొత్తగా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను నిలువునా ముంచే తప్పు ఒకటుంది: పార్శిల్ కట్టి పెట్టె కొలవకముందే ధరకు ఊ అనేయడం. చీరలు, పచ్చళ్లు, బొమ్మలు, ఇత్తడి సామాను, పాత ఫర్నిచర్ ఏది అమ్మేవాళ్లయినా ఇక్కడే బోర్లా పడటం చూస్తున్నాను.

కొరియర్‌కు మీ బొమ్మ బరువు అక్కర్లేదు

కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర చాలా తేలిక. ఏనుగు బొమ్మ 400 గ్రాములు తూగితే అక్క లిస్టింగ్‌లో అదే రాసింది. కొలతలు అడిగిన చోట బొమ్మ పొడవు, వెడల్పు, ఎత్తు వేసింది. అక్కడ వేయాల్సింది పెట్టెవి.

కొరియర్ లెక్క ఇలా ఉంటుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని మూడింటినీ గుణిస్తారు. వచ్చినదాన్ని చాలా చోట్ల 5000తో భాగిస్తారు. కొన్ని సంస్థలకు ఈ అంకె వేరుగా ఉంటుంది, మీ రేటు కార్డులో చూసుకోండి. అలా వచ్చిన కిలోలనే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. ఇదీ, అసలు బరువూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువైతే దానికే చార్జీ వేస్తారు.

ఏనుగు తొండం విరగకూడదని అక్క 32×25×20 పెట్టె వాడింది. గుణిస్తే 16,000. భాగిస్తే 3.2 కిలోలు. అంటే అర కిలో స్లాబ్‌లో (కొరియర్ చార్జీ వేసే బరువు మెట్టు) వెళ్తుందనుకున్న బొమ్మ మూడున్నర కిలోల స్లాబ్‌లో పడింది.

డబ్బుల్లోకి మార్చి చూద్దాం. ఇవి పద్ధతి తెలియడానికి వేసిన అంకెలు, మీ రేట్లతో మీరు మళ్లీ వేసుకోండి. బొమ్మ కొన్నది 420 రూపాయలకు. పెట్టె, బబుల్ ర్యాప్, టేపు 45. సేల్ ధర 699. కమీషన్ జీఎస్టీతో కలిపి 83. షిప్పింగ్ జీఎస్టీతో కలిపి 89 పడుతుందనుకుంటే బొమ్మకు 62 రూపాయలు మిగలాలి. నిజంగా పడింది 248. మిగలడం సంగతి అటుంచి, బొమ్మకు 97 రూపాయల నష్టం. బొమ్మ మీద కట్టాల్సిన జీఎస్టీ ఈ లెక్కలో ఇంకా తీయనే లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు షిప్పింగ్, కమీషన్ల మీద పడిన 18 శాతాన్ని తర్వాత సర్దుకోవచ్చు. అయినా నష్టం నష్టమే.

ఇంతకుముందు అదే బొమ్మ 899కి అమ్మేటప్పుడు ఈ తప్పు ఎందుకు బయటపడలేదు? అప్పుడూ షిప్పింగ్ ఇంతే పడేది. కానీ పై ధర ఆ పోటును కాచుకునేది, మిగిలేది తక్కువైనా ఏదో ఒకటి మిగిలేది. ఎంత మిగలాలో అక్క ఏనాడూ లెక్క కట్టలేదు కాబట్టి తక్కువ మిగిలిందని తెలియలేదు. సేల్‌లో రెండు వందలు తగ్గించగానే లోపలి బొక్క కనబడింది. అదీ అప్పుడే కాదు. మీరు రాసిన బరువు ప్రకారం మొదట తక్కువ చార్జీ చూపిస్తారు. పార్శిళ్లు వేరుచేసే కొరియర్ హబ్‌లో మిషన్ పెట్టెను కొలుస్తుంది. తేడా ఆ తర్వాత సెటిల్‌మెంట్‌లో కోత పడుతుంది. ఈలోగా మీరు అదే ధరకు ఇంకా పంపుతూనే ఉంటారు. మామూలు రోజుల్లో పది బొమ్మలతో పోయే తప్పు సేల్‌లో వందలకు పాకేది అందుకే.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను. పార్శిల్ కట్టండి, లేబుల్ అతికించే స్థితికి తెచ్చి కొలవండి, తర్వాతే ధర అనుకోండి.

కొలిచేటప్పుడు ఒక చిన్న సంగతి చూసుకోవాలి. అదే ఏనుగు 25×18×16 పెట్టెలో పడుతుందనుకోండి, 1.44 కిలోలు వస్తుంది, ఒకటిన్నర స్లాబ్. కానీ లోపల బబుల్ ర్యాప్ కుక్కి మూత బలవంతంగా నొక్కి టేపు వేస్తే పెట్టె అన్ని వైపులా ఉబ్బుతుంది. మిషన్ ఉబ్బును కూడా కొలుస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు తలా రెండు సెంటీమీటర్లు పెరిగితే 27×20×18. అంటే 1.94 కిలోలు, రెండు కిలోల స్లాబ్. బల్ల మీద పెట్టినప్పుడు పెట్టె ఊగుతుంటే అడుగు ఉబ్బినట్టే. విప్పి మళ్లీ కట్టండి. చీరలవాళ్లకు ఈ బాధ తక్కువ, చీర కవర్లో అణిగి ఉంటుంది, అక్కడ అసలు బరువే లెక్కకు వస్తుంది. పచ్చళ్లవాళ్లు మాత్రం సీసా బరువు మరిచిపోతారు. అర కిలో ఆవకాయ గాజు సీసాలో, పెట్టెలో చేరాక అర కిలో ఎలా ఉంటుంది?

ప్లాట్‌ఫారం అడిగే ఆఫర్లు

2025లో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పండగ సేల్స్ రెండూ సెప్టెంబర్ 23నే మొదలయ్యాయి. ఇలాంటి సేల్‌కు కొన్ని వారాల ముందు నుంచే ఏ ప్లాట్‌ఫారంలో అయినా సెల్లర్ ప్యానెల్‌లో సలహాలు మొదలవుతాయి: ఈ ధరకు తగ్గిస్తే ఇన్ని రెట్ల ఆర్డర్లు, ఇంకో 8 శాతం కూపన్ ఇవ్వండి, ఫలానా డీల్‌లో చేరండి. ఆ సలహా ఇచ్చేది సాఫ్ట్‌వేర్. పక్క సెల్లర్లు ఎంతకు అమ్ముతున్నారో దానికి తెలుసు. మీరు బొమ్మ ఎంతకు కొన్నారో, పెట్టె ఎంత పెద్దదో దానికి పట్టదు.

అందుకే సేల్‌కు ముందే ప్రతి వస్తువుకూ ఒక కనీస ధర రాసి పెట్టుకోవాలి. కొన్న ధర, ప్యాకింగ్, కొలిచిన పెట్టెకు పడే షిప్పింగ్, కమీషన్, జీఎస్టీ ఇవన్నీ కలుపుకోవాలి. దాని పైన రిటర్నుల ఖర్చు వేసుకోవాలి. పది పంపితే రెండు తిరిగొస్తాయనుకుంటే, ఆ రెండింటి రానూపోనూ ఖర్చు మిగతా ఎనిమిదీ మోయాలి. ఏ రిటర్నుకు ఎంత కోస్తారన్నది ఒక్కో ప్లాట్‌ఫారంలో ఒక్కో తీరు. కొన్నవాళ్లు తీసుకోక వెనక్కి వచ్చినదానికి ఒక లెక్క, తీసుకుని తిప్పి పంపినదానికి ఇంకో లెక్క ఉంటుంది. ఆ పేజీ ఓపిగ్గా చదవండి. మొత్తం వేశాక వచ్చే అంకెకు ఒక్క రూపాయి తక్కువైనా ఆ ఆఫర్ మీకు కాదు.

కమీషన్ సున్నా అన్న మాట చూసి మురిసిపోకండి. మీషోలాంటి చోట కమీషన్ లేకపోయినా షిప్పింగ్ బరువును బట్టి ఉంటుంది. పెద్ద పెట్టెకు అక్కడా ఇక్కడా ఒకటే దెబ్బ.

పన్నుల గురించి రెండు ముక్కలు. మీకిచ్చే డబ్బులోంచి ప్లాట్‌ఫారం ముందే పట్టుకునే పన్నులు రెండు: జీఎస్టీ కింద టీసీఎస్ 2024 జులై 10 నుంచి 0.5 శాతం, ఆదాయపన్ను కింద టీడీఎస్ 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతం. ఇవి నష్టం కావు, పన్ను రిటర్నులు వేసి రాబట్టుకోవచ్చు. చేతిలో కాస్త డబ్బు ఆగుతుంది, అంతే. రెడీమేడ్ బట్టలు అమ్మేవాళ్లు మాత్రం 2,500 గీత గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు ధర అంతవరకు 5 శాతం జీఎస్టీ, దాటితే 18. గీతకు కాస్త పైన ఉన్న డ్రెస్సుకు కొంచెం తగ్గిస్తే నిజంగానే కలిసొస్తుంది. లెక్క వేసుకుని తగ్గించడం అంటే ఇదీ.

వాట్సాప్‌లో బేరాలు

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో అమ్మేవాళ్ల బేరం ఇలా నడుస్తుంది. "అన్నా, లాస్ట్ ఎంత?" 750 అంటారు మీరు. "700 చేసుకోండి, తీసుకుంటా." సరే అంటారు. "షిప్పింగ్‌తో కలిపే కదా?" అప్పుడు కాదనడానికి మొహమాటం. పిన్‌కోడ్ వచ్చాక చూస్తే గువాహటి.

బేరం ఆడటంలో తప్పు లేదు. ధర ముందు చెప్పి పిన్‌కోడ్ తర్వాత అడగడమే తప్పు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పట్టే చార్జీ వేరు, శ్రీనగర్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు పట్టేది వేరు. ఎవరు "లాస్ట్ ఎంత" అన్నా మొదటి జవాబు ఇదే ఉండాలి: "మీ పిన్‌కోడ్ పంపండమ్మా, పార్శిల్‌తో కలిపి మొత్తం చెబుతా." పిన్‌కోడ్ వచ్చాక విడగొట్టి రాయండి. "బొమ్మ 750, పార్శిల్ 140, మొత్తం 890. ఈ రేటు రేపు సాయంత్రం వరకే." విడగొట్టి రాస్తే అవతలివాళ్లు బొమ్మ ధర మీదే బేరమాడతారు, కొరియర్ డబ్బు మీరు తినడం లేదని వాళ్లకూ తెలుస్తుంది. తగ్గించాలనిపిస్తే ఒక్క చోటే తగ్గించండి. వస్తువులో తగ్గించాక షిప్పింగ్‌లోనూ తగ్గిస్తే మీకు మిగిలేది ధన్యవాదాలే.

"రెండు తీసుకుంటే షిప్పింగ్ ఫ్రీ" అని చీరలవాళ్లు లెక్క చూసుకుని అనొచ్చు. బొమ్మలవాళ్లు అనకూడదు. రెండు ఏనుగులకు ఒకే పెట్టె కట్టినా ఆ పెట్టె దాదాపు రెండింతలవుతుంది.

ఇక మిగిలినవి, వరసగా:

సీఓడీ (పార్శిల్ అందాక డబ్బు ఇవ్వడం) అడిగితే పార్శిల్ చార్జీ ముందే వేయించుకోండి. ఆ 140 ఇవ్వనివాళ్లు తలుపు దగ్గర 890 ఇస్తారా?

బేరమే ఆడకుండా, ఫొటో కూడా సరిగ్గా చూడకుండా చెప్పిన ధరకు ఒప్పుకునేవాళ్లను అనుమానించండి. "డబ్బు వేస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటే అక్కడే బ్లాక్ చేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. ఎప్పుడూ లేదు.

"పొరపాటున ఎక్కువ వేశా, మిగతాది తిప్పి పంపండి" అంటే మెసేజ్ చూసి పంపకండి. బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

స్క్రీన్‌షాట్ చూసి వస్తువు ఇవ్వకండి. వాళ్ల మనిషి బండి వేసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డా సరే.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్నవాళ్లు 2023 అక్టోబర్ 1 నుంచి ప్లాట్‌ఫారాల్లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో సొంత రాష్ట్రం లోపల అమ్మొచ్చు. బయటి రాష్ట్రాలకు కుదరదు. ఒప్పుకున్నాక నాలుక కరుచుకోకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపేవాళ్లు: 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు కట్టాలో ధర చెప్పేటప్పుడే తేల్చుకోండి. "మన పిన్నిగారబ్బాయే కదా" అని వదిలేస్తే బిల్లు మీకే వస్తుంది, మాట కూడా మీకే వస్తుంది.

ప్రతి సైజు పెట్టెకూ మూడు ఫొటోలు తీసి పెట్టుకోండి: టేపు పెట్టి కొలుస్తున్నది, తూకం మీద ఉన్నది, లేబుల్ కనబడేలా ఒకటి. బరువు తప్పు వేశారని ఫిర్యాదు చేస్తే ఇవే అడుగుతారు. గడువు కొన్ని రోజులే.

రిటర్న్ పార్శిల్ వీడియో తీయకుండా విప్పకండి.

పాత పెట్టెలు అయిపోయాయని సేల్ మధ్యలో పెద్ద పెట్టె వాడకండి. లిస్టింగ్‌లో రాసిన కొలత, పంపే పెట్టె ఒకటే ఉండాలి. సరిపడా పెట్టెలు ముందే తెచ్చుకోండి.

ఆటోమేటిక్ ధర మార్పు ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే కనీస ధర పెట్టండి. పెట్టడం రాకపోతే ఆపేయండి.

పక్కవాడు తగ్గించాడని తగ్గించకండి. వాడి పెట్టె ఎంతో మీకు తెలియదు.

కొలవని వస్తువును సేల్‌లో పెట్టకండి. ఒక్కటి కూడా. "తర్వాత కొలుద్దాం" అనుకున్నదే ఎక్కువ అమ్ముడుపోతుంది.

సేల్ మొదలయ్యాక మొదటి పార్శిళ్లు హబ్ దాటగానే వాటి షిప్పింగ్ చార్జీ తెరిచి చూడండి. మీరు వేసిన లెక్కకు తేడా కనబడితే ఆ నిమిషమే ఆ లిస్టింగ్ స్టాక్ సున్నా చేయండి. ర్యాంకు పడిపోతుందని, ఆర్డర్లు పోతాయని ఎవరైనా అంటే, పోనివ్వండి.