ఆర్కిడ్ పిల్లలకు పెరుగు డబ్బా చాలు

ఫిబ్రవరి దాటితే బెంగళూరు గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే. బొగ్గు ముక్కల్లో పెట్టిన డెండ్రోబియం (ఒక రకం ఆర్కిడ్) పిల్ల మొక్కలు వాడిపోతుంటే విసిగి, లెకా అనే కాల్చిన మట్టి గోళీలకు మారాను.

పెరుగు డబ్బాకు అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో, పక్కన రెండు చిల్లులు పెట్టండి. అడుగున మాత్రం వద్దు. కింద నిలిచిన నీటిని గోళీలే పైకి పీల్చి వేళ్లకు అందిస్తాయి. (ఒక్క డబ్బా పారేయనివ్వనని ఇంట్లో రోజూ గొడవే!) చిన్న గోళీలే వాడండి. పెద్దవాటి సందుల్లో సన్నటి వేళ్లు ఎండిపోతాయి. ముందే బాగా కడిగి, ఒక రోజు నానబెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, కొత్త వేరు మొన కనబడ్డాకే మొక్కను మార్చాలి. పాత వేళ్లు ఆ తడికి తట్టుకోలేక చాలావరకు కుళ్లిపోతాయి. తొందరపడి నేను ఆరు మొక్కలు పోగొట్టుకున్నాను.

బోరు నీళ్లు పోస్తే గోళీల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వాన నీళ్లో, ఆర్‌వో నీళ్లో మేలు. ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతే కలపండి. వారానికోసారి పైనుంచి ధారగా మంచినీళ్లు పోస్తే పాత నీళ్లు చిల్లుల్లోంచి పోతాయి, దోమల బెడదా ఉండదు.