టీవీ ఆన్ కావట్లేదా? వెనక మూత విప్పే ముందు జాగ్రత్తలు

ముందు అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. స్టెబిలైజర్ ఉంటే పక్కనపెట్టి నేరుగా ఇవ్వండి. అప్పటికీ స్టాండ్‌బై లైటు వెలగకపోతేనే స్క్రూడ్రైవర్ పట్టండి.

• స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. సెట్‌టాప్ బాక్స్, హెచ్‌డీఎంఐ వైర్లు కూడా.

• అసలు ప్రమాదం పవర్ బోర్డు (టీవీకి కరెంటు అందించే బోర్డు) మీది పెద్ద కెపాసిటర్, అంటే కరెంటును నిల్వ ఉంచే భాగం. ప్లగ్గు పీకాక కూడా అందులో 300 నుంచి 400 వోల్టుల డీసీ నిలిచి ఉండొచ్చు. పది నిమిషాలు ఆగి, మూత తీశాక ముందుగా మల్టీమీటర్‌ను (వోల్టేజీ కొలిచే పరికరం) 600 లేదా 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి దాని రెండు కాళ్ల మధ్య కొలవండి. 10 వోల్టులు దాటితే 2.2 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకుని ఆ కాళ్లకు కొన్ని సెకన్లు ఆనించి, మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో మాత్రం ఆ కాళ్లను నేరుగా కలిపి షార్ట్ చేయొద్దు. టప్పున నిప్పురవ్వ లేచి బోర్డు ట్రాక్ (దాని మీది రాగి గీత) కాలిపోతుంది, కళ్లలోనూ పడొచ్చు.

• స్క్రీన్ కంటే వెడల్పైన మెత్తటి దుప్పటి మీద టీవీని ఇద్దరు పట్టుకుని బోర్లించండి. కింద ఒక్క స్క్రూ పడి ఉన్నా ప్యానెల్ పగులుతుంది.

• మూత ఒక్కసారిగా లాగకండి, లోపల స్పీకర్ వైర్లు తగిలి ఉండొచ్చు.

• ఫ్యూజు పోతే అదే రేటింగుది వేయాలి. రాగి తీగ చుట్టారో, షార్ట్ అయిన డయోడో మాస్‌ఫెట్టో (కరెంటును నియంత్రించే చిన్న భాగాలు) ఉన్న బోర్డు మంటెత్తొచ్చు.