డ్రాగ్ కారు ప్లగ్గు చూసి ఇంజన్ జబ్బు కనిపెట్టడం ఎలా?

రోడ్డు పక్క మెకానిక్ స్పార్క్ ప్లగ్గు విప్పి ఒక్క చూపు చూస్తాడు. నల్లగా ఉంటే గాలి-పెట్రోలు మిక్చర్‌లో పెట్రోలు ఎక్కువైందంటాడు, తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదంటాడు. రోజూ ఆఫీసుకెళ్లే బండికి ఆ చూపు చాలు. తిన్నటి ట్రాక్ మీద కాస్త దూరం ఫుల్ వేగంతో పందెం వేసే డ్రాగ్ కారుకు చాలదు. పావు మైలు, అంటే 402 మీటర్లు, పది సెకన్లలో దాటే ఇంజన్‌కి ప్లగ్గు మీద ఒక్క రంగు కాదు, మూడు చోట్ల మూడు వేర్వేరు సంగతులు కనిపిస్తాయి. ప్లగ్గు బిగించే మరల (థ్రెడ్ల) మీద హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందన్నది. కొనన వంగిన లోహపు కొక్కెం మీద టైమింగ్, అంటే స్పార్క్ ఎంత ముందు పడుతోందన్నది. మధ్యలోని తెల్ల పింగాణీ అడుగున మిక్చర్. చాలామంది పింగాణీ కొనరంగు చూసి మూడింటికీ తీర్పు చెప్పేస్తారు. ఇంజన్లు కాలేది అక్కడే.

ఇక్కడ చెప్పేది టర్బో, నైట్రస్ (బలం పెంచడానికి ఇంజన్‌లోకి వదిలే గ్యాస్) లేని, కార్బ్యురేటర్‌తో, లెడ్ కలిసిన రేసింగ్ పెట్రోలుతో నడిచే షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 గురించి. మిగతావాటికి తేడా ఎక్కడుందో అక్కడే చెబుతాం.

1. కొత్త ప్లగ్గులు బిగించండి

పాత ప్లగ్గు మీద పాత పరుగుల మసి ఉంటుంది, దాన్ని చదవలేం. ఒకే కంపెనీ, ఒకే నంబరు ప్లగ్గులు ఎనిమిది తీసుకోండి. చదవడానికి మామూలు నికెల్ ప్లగ్గే తేలిక. గ్యాప్ 0.9 నుంచి 1.0 మి.మీ. నైట్రస్, టర్బో ఉన్న ఇంజన్‌కి 0.6 నుంచి 0.7 దాకా తగ్గించాలి, లేకపోతే ఆ ఒత్తిడికి స్పార్క్ ఆరిపోతుంది.

అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగువు ఇవ్వాలి. ఇది లాంఛనం కాదు. ప్లగ్గు తన వేడిని హెడ్‌లోకి పంపేది వాషర్, మరల గుండానే. వదులుగా ఉన్న ప్లగ్గు వేడెక్కిపోయి, హీట్ రేంజ్ తప్పైనట్టు కనిపిస్తుంది. మీరేమో మంచి ప్లగ్గును మార్చేస్తారు.

2. గీత దాటగానే ఇంజన్ ఆపండి

దీన్ని క్లీన్ కట్ అంటారు. ఫుల్ థ్రాటిల్‌లో ముగింపు గీత దాటి, అదే క్షణంలో ఇగ్నిషన్ కట్ చేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే క్లచ్ కూడా తొక్కాలి. యాక్సిలరేటర్ తొక్కి ఉంచితే కాలని పెట్రోలు లోపలికెళ్లి ప్లగ్గును కడిగేస్తుంది.

ఆటోమేటిక్ వాళ్లకు ఒక హెచ్చరిక. పవర్‌గ్లైడ్, టర్బో 400 లాంటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లను ఆ వేగంలో న్యూట్రల్‌లోకి తీయొద్దు. లోపలి డ్రమ్ము హద్దుమీరిన వేగంతో తిరిగి పగిలిపోవచ్చు. ఇగ్నిషన్ మాత్రం కట్ చేసి, గేరులోనే ఉంచి, కారు బాగా నెమ్మదించాక న్యూట్రల్ చేయండి. స్టీరింగ్ లాక్ ఉన్న కారైతే తాళం లాక్ దాకా తిప్పొద్దు. వ్యాక్యూమ్ బ్రేకులుంటే ఒకటి రెండు తొక్కుళ్లకే వాటి సాయం అయిపోతుందని గుర్తుంచుకోండి.

ఆ తర్వాత కారును తోసుకుంటూనో, లాగించుకుంటూనో పిట్‌కి (కార్లు బాగుచేసుకునే చోటికి) తేవాలి. స్టార్ట్ చేసి నడుపుకుంటూ వస్తే ఐడిల్ మసి పేరుకుని మిక్చర్ గుర్తు చెడిపోతుంది. కొక్కెం, మరల మీద గుర్తులు మాత్రం అలాగే ఉంటాయి కాబట్టి, క్లీన్ కట్ కుదరని రోజున ఆ రెండూ చూసుకుని మిక్చర్ జోలికి పోకండి. టర్బో ఇంజన్‌ని వేడి మీద పదే పదే ఇలా ఆపితే బేరింగుల్లో ఆయిల్ మాడుతుంది. దానికిది ఎప్పుడో ఒకసారి చేసే పనే.

3. విప్పడం

ఇంజన్ చల్లారేదాకా ఆగండి. వేడి అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గు లాగితే హెడ్ మరలు ఊడి రావచ్చు. ముందు గాలి కొట్టి చుట్టూ ఉన్న ఇసుక పోగొట్టండి. చెక్కముక్కకి ఎనిమిది రంధ్రాలు పెట్టి, నంబర్లు రాసి, ఏ సిలిండర్ ప్లగ్గు ఆ రంధ్రంలో నిలబెట్టండి. పది రెట్లు పెద్దగా చూపించే, లైటున్న భూతద్దం కావాలి. చెవి డాక్టరు వాడేలాంటిదైతే పింగాణీ లోతు దాకా కనిపిస్తుంది.

4. ముందు మరలు: హీట్ రేంజ్

చివరి నుంచి ఎన్ని మరల మీద వేడికి రంగు మారిందో లెక్కపెట్టండి. ఒకటి రెండు మరలైతే హీట్ రేంజ్ సరిపోయింది. మూడు నాలుగు దాకా పాకితే ప్లగ్గు వేడిది, ఒక మెట్టు చల్లటిది వేయండి. మరల మీద ఏమీ లేక, చివరి లోహపు అంచు మీదే రంగు ఉంటే ప్లగ్గు మరీ చల్లటిది.

నంబర్లతో జాగ్రత్త. ఎన్‌జీకే, డెన్సోలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లబడుతుంది. ఛాంపియన్, ఆటోలైట్‌లో పెరిగితే వేడెక్కుతుంది. ఒక కంపెనీ అలవాటుతో ఇంకో కంపెనీ డబ్బా కొని పిస్టన్ పోగొట్టుకోవడం కష్టమేమీ కాదు.

పింగాణీ కొన దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మసి తనంతట తాను కాలిపోతుంది. 850 దాటితే నిప్పుకణికలా ఎర్రబడి, స్పార్క్ రాకముందే మిక్చర్‌ని అంటిస్తుంది. హీట్ రేంజ్ ఈ రెండింటి మధ్య ఉంచడానికే. టైమింగ్ ఎక్కువై వచ్చే నాకింగ్‌కి, అంటే మిక్చర్ నిదానంగా మండక ఒక్కసారిగా పేలడానికి, చల్లటి ప్లగ్గు మందు కాదు.

5. తర్వాత కొక్కెం: టైమింగ్

పక్క నుంచి వంగి వచ్చే కొక్కెం మీద, రంగు మారిన చోట అడ్డంగా ఒక సన్నటి గీత కనిపిస్తుంది. ఒకవైపు మామూలు లోహం, ఇంకోవైపు నీలి ఛాయతో కాలిన రంగు. ఆ గీత సరిగ్గా వంపు దగ్గర ఉండాలి. కొన వైపు ఉంటే టైమింగ్ తక్కువ, ఇంకా పెంచుకునే చోటుంది. వంపు దాటి వెల్డింగ్ వైపు దిగితే టైమింగ్ ఎక్కువ. అంచుల పదును పోయి గుండ్రంగా కరిగినట్టుంటే హద్దు ఎప్పుడో దాటేశారు.

హీట్ రేంజ్ తప్పైతే ఈ గీత కూడా జరుగుతుంది. మరలను ముందు చూడమన్నది అందుకే.

6. చివరగా పింగాణీ అడుగు: మిక్చర్

ఫుల్ థ్రాటిల్ మిక్చర్ గుర్తు పింగాణీ కొన మీద ఉండదు. పింగాణీ లోహపు గుల్లలోకి దిగే చోట, బాగా లోపల, చుట్టూ ఉంగరంలా పడుతుంది. భూతద్దానికి అందకపోతే హ్యాక్సా బ్లేడుతో గుల్లను చుట్టూ కోసి తీసేయండి. ఒక ప్లగ్గు పోతే పోయింది, పిస్టన్ కంటే చవక. ఒకటి రెండు మి.మీ. మందాన లేత బూడిద రంగు ఉంగరం ఉంటే సరి. ఉంగరమే లేకపోతే పెట్రోలు చాలట్లేదు. నల్లబడి పింగాణీ సగం దాకా ఎక్కితే ఎక్కువైంది.

లెడ్ లేని పంపు పెట్రోలుతో రంగు సన్నగా పడుతుంది, మూడు నాలుగు పరుగులు పట్టొచ్చు. మెథనాల్ దాదాపు మసి వదలదు, దానికి కొక్కెం, మరలనే నమ్ముకోవాలి. డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయెల్ కార్ల లోకమే వేరు. 90 శాతం నైట్రోమీథేన్, సిలిండర్‌కి రెండు చొప్పున 16 ప్లగ్గులు. పరుగు మధ్యలోనే ఎలక్ట్రోడ్లు (స్పార్క్ దూకే లోహపు కొనలు) చాలావరకు కాలిపోయి, మిగతా దారి డీజిల్ ఇంజన్‌లా వేడికే మండుతూ పోతుంది.

7. భయపడాల్సిన గుర్తులు

పింగాణీ మీద, పెసరట్టు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే డిటోనేషన్, అంటే నాకింగ్, మొదలైంది. ఆ చుక్కల మధ్య గసగసాల కంటే చిన్నగా, వెండిలా మెరిసే గోళీలు కనిపిస్తే అది మీ పిస్టన్ అల్యూమినియమే. ఆ రోజుకి ఇంకో పరుగు వద్దు. ప్లగ్గు రంధ్రంలోంచి దూర్చే బోర్‌స్కోప్ కెమెరాతో పిస్టన్ చూడండి, సిలిండర్‌లోకి గాలి పట్టించి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ చేయండి. 20 శాతం దాటి లీకైతే హెడ్ దించాల్సిందే.

నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్. రింగులు, వాల్వ్ గైడ్లు అనుమానించే ముందు ఇన్‌టేక్ గ్యాస్కెట్ చూడండి. వీ8లో అది పాడైతే రెండు సిలిండర్ వరసల మధ్య, లిఫ్టర్లు (వాల్వ్‌లను కదిపే ముక్కలు) ఉండే లోయలోంచి ఆయిల్ పీల్చుకుంటుంది. ఏడు ప్లగ్గులకు రంగుండి ఒక్కటి ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే హెడ్ గ్యాస్కెట్ నుంచి నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి.

ఒక ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉండి, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ మాత్రం లీన్ (పెట్రోలు చాలట్లేదు) అని చూపిస్తుంటే ప్లగ్గునే నమ్మండి. మంట పట్టని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ బయటికొస్తుంది, సెన్సర్ దాన్నే లెక్కేస్తుంది. ఆ మాట విని పెట్రోలు పెంచితే తడి ఇంకా పెరుగుతుంది.

ఏడో సిలిండర్ ఒక్కదాంట్లోనే మిరియాల చుక్కలుంటే వైర్లు చూడండి. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-8-4-3-6-5-7-2. 5, 7 పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని వెంట ఒకటి పేలుతాయి. వాటి వైర్లు ఆనుకుని పోతే ఐదో వైరు కరెంటు ఏడో వైరులోకి దూకి, క్రాంక్ తిరుగుడు లెక్కలో 90 డిగ్రీల ముందే స్పార్క్ ఇస్తుంది. రెండింటినీ దూరం జరపండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చితే ఈ జబ్బు పోదు.

8. ఒకసారికి ఒకటే మార్చండి

టైమింగ్ అయితే రెండు డిగ్రీలు, జెట్ అయితే రెండు నంబర్లు. మళ్లీ కొత్త ప్లగ్గులు, మళ్లీ క్లీన్ కట్. అనుమానం ఉన్నప్పుడు పెట్రోలు పెంచడం, టైమింగ్ తగ్గించడం వైపే మొగ్గండి. ప్రతి ప్లగ్గు డబ్బా మీద తేదీ, సిలిండర్ నంబరు, జెట్, టైమింగ్, ఆ పూట గాలి వేడి రాసి, ప్లగ్గును అందులోనే దాచండి. ప్లగ్గులు చూడ్డానికి ముచ్చటగా ఉండి, పరుగు తర్వాత చేతికిచ్చే టైమ్ స్లిప్ మీద ముగింపు గీత దగ్గరి వేగం మాత్రం తగ్గితే, ముందటి జెట్లే మళ్లీ వేసేయండి.