బ్రిటన్ బడుల్లో అలర్జీ ఇంజెక్షన్: కొనడానికి ఉత్తరం ఎలా రాయాలి?

బ్రిటన్‌లో అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్, అంటే తీవ్ర అలర్జీ వచ్చినప్పుడు ఎవరైనా వెంటనే పొడవగలిగే రెడీమేడ్ ఇంజెక్షన్, కొనాలంటే మామూలుగా డాక్టరు రాసిన చీటీ ఉండాలి. చట్టాన్ని సవరించడంతో బడులకు మాత్రం 2017 అక్టోబరు 1 నుంచి చీటీ అక్కర్లేదు. పిల్లవాడి సొంత ఇంజెక్టర్ ఇంట్లో మరిచిపోయినా, గడువు దాటినా అక్కరకు వచ్చేలా బడి అదనంగా కొన్ని ఉంచుకోవచ్చు. ఈ సవరణ బడుల కోసం చేసింది, దీన్ని చూపి హోటళ్లు కొనలేవు.

ప్రత్యేకమైన ఫారమంటూ లేదు. మందుల దుకాణానికి ఒక ఉత్తరం ఇచ్చి, డబ్బు కట్టాలి. సంతకం ప్రధానోపాధ్యాయులదే అయి ఉండాలి, బడి లెటర్‌హెడ్ మీద రాస్తే మేలు. బడి పేరు, మందు ఎందుకో, మొత్తం ఎన్నో, ఈ మూడూ తప్పనిసరి. ‘తీవ్ర అలర్జీ ముప్పున్న మా విద్యార్థులకు అత్యవసరంలో వాడటానికి 150 మైక్రోగ్రాములవి రెండు, 300 మైక్రోగ్రాములవి రెండు కావాలి’ అంటే చాలు. ఆరేళ్లలోపు వారికి 150, ఆరేళ్లు, ఆపై వయసు వారికి 300 వాడతారు. కాబట్టి ప్రాథమిక పాఠశాల రెండు రకాలూ అడగడం మంచిది.

అసలు పని పట్టేది ఉత్తరం దగ్గర కాదు, తల్లిదండ్రుల అంగీకారం దగ్గర. బడి ఇంజెక్టర్ వాడాల్సిన పిల్లల జాబితాలో పేరు చేరాలంటే వైద్యుల ధ్రువీకరణ, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి రెండూ కావాలి. అక్కడున్న తెలుగువాళ్లు ‘మావాడికి పల్లీలు పడవండీ’ అని టీచరుతో నోటిమాటగా చెప్పి ఊరుకుంటే సరిపోదు. పడకపోవడం అంటే కడుపునొప్పో, ప్రాణాపాయమో ఆ మాటను బట్టి ఎవరికి తెలుస్తుంది?

తెచ్చిన పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఐదు నిమిషాల్లోపు చేతికందే చోట, ఎండ తగలకుండా, గది వేడిమిలో ఉంచాలి. అందులోనే పిల్లల జాబితా, వాడే పద్ధతి రాసిన కాగితం ఉండాలి. గడువు తేదీని నెలనెలా చూసుకోవాలి.

వాడాల్సి వస్తే ఇంజెక్టర్‌ను తొడ బయటి వైపు పొడిచి, అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ‘అనఫిలాక్సిస్’ (ప్రాణాపాయం తెచ్చే అలర్జీ) అనే మాటే చెప్పాలి. పిల్లవాడిని లేచి నిలబడనివ్వకూడదు. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది వేయాలి. వాడేసినవి అంబులెన్సు సిబ్బందికి ఇచ్చేయాలి. వాటి బదులు కొత్తవి కొనడానికి ప్రధానోపాధ్యాయుల సంతకంతో మళ్లీ ఒక ఉత్తరం.